పడవ కింద ఒక రాజధాని: నాగార్జునకొండని ఎలా చూడాలి?

చాలామంది అడుగుతున్నారు, "అన్నా, రెండు రోజుల్లో అయిపోయే ట్రిప్ చెప్పు. కొండ ఉండాలి, నీళ్ళు ఉండాలి, కాస్త హిస్టరీ కూడా ఉండాలి" అని. మూడూ ఒకేచోట కావాలంటే నాగార్జునకొండ. కానీ మొదటిసారి పోయినప్పుడు నేను దాన్ని పూర్తిగా తప్పుగా చూసొచ్చాను. మీకు అలా కాకూడదనే ఈ ఎపిసోడ్.

బీటెక్ థర్డ్ ఇయర్‌లో ఫ్రెండ్స్‌తో పోయాం. డ్యాం గేట్ల ముందు సెల్ఫీలు, లాంచీలో దీవికి, స్తూపం దగ్గర నాలుగు ఫొటోలు, వెనక్కి. "రాజులు భలే చోటు చూసుకున్నార్రా, చుట్టూ నీళ్ళే" అనుకుంటూ వచ్చేశాం. తర్వాత చదివితే తెలిసింది, ఆ రాజులు ఆ నీళ్ళని చూడనే లేదు!

అప్పుడు అక్కడ ఉన్నది ఒక లోయ. చుట్టూ నల్లమల కొండలు, ఒక పక్కన కృష్ణ. శాతవాహనుల తర్వాత, క్రీ.శ. 3వ శతాబ్దంలో, ఇక్ష్వాకు రాజులు ఆ లోయలో రాజధాని కట్టుకున్నారు. పేరు విజయపురి. మనం దీవి అంటున్నది ఆ ఊరి పక్కనున్న కొండ పైభాగం. లాంచీ పోయేది మునిగిపోయిన లోయ మీదుగా.

ఈ ఊళ్ళో నాకు బాగా నచ్చింది ఆడవాళ్ళ కథ. మొదటి ఇక్ష్వాకు రాజు శాంతమూలుడు అశ్వమేధం చేశాడు. ఆయన సోదరి చాంతిసిరి మాత్రం బౌద్ధ మహాచైత్యం కట్టించింది. ఒకే ఇంట్లో యాగమూ ఉంది, స్తూపమూ ఉంది. బోధిసిరి అనే ఇంకో ఉపాసిక సింహళ భిక్షువుల కోసం చైత్యగృహం కట్టించింది. ఆమె శాసనంలో కాశ్మీరం, గాంధారం, చీనా పేర్లు కూడా కనిపిస్తాయి. అంటే మన పల్నాడు లోయకి అంత దూరంతో సంబంధాలు ఉన్నాయన్నమాట.

తర్వాత వందల ఏళ్ళు అడవే. 1926లో శిథిలాలు మళ్ళీ వెలుగులోకి వచ్చాయి. లాంగ్‌హర్స్ట్ అనే పురావస్తు అధికారి తవ్వకాలు మొదలుపెట్టాడు. ఇంతలో స్వతంత్రం వచ్చింది, కృష్ణ మీద పెద్ద డ్యాం ప్లాన్ వచ్చింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. లోయ మునిగిపోతుందని తేలిపోయింది.

ఇక్కడ సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఈజీగా అర్థమయ్యే పోలిక చెప్తా. సర్వర్ ఆపేస్తున్నారు, డేట్ ఫిక్స్. ఆలోపు డేటా మొత్తం వేరే చోటికి మార్చాలి. పురావస్తు శాఖ చేసింది అదే. ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో 1954 నుంచి 1960 దాకా లోయంతా తవ్వారు. ముప్పైకి పైగా బౌద్ధ కట్టడాలు, గుళ్ళు, స్నాన ఘట్టం, మెట్ల గ్యాలరీ ఉన్న రంగస్థలం, అన్నీ కొలిచి రాసుకున్నారు. ముఖ్యమైన వాటిని కొండ మీద, అనుపు దగ్గర మళ్ళీ కట్టారు. మిగిలింది నీళ్ళ కింద ఉండిపోయింది. లోయలో ఉన్న ఊళ్ళ జనం కూడా ఇళ్ళు వదిలి వేరే చోటికి పోవాల్సి వచ్చింది. వాళ్ళ గురించి అక్కడ ఫొటో దిగే మనం ఎవరం మాట్లాడుకోం.

సరే, ఎలా చూడాలి? ముందు అనుపు చూడండి, అక్కడికి లాంచీ అక్కర్లేదు. రంగస్థలం మధ్యలో ఒకరు నిలబడి మామూలుగా మాట్లాడండి, ఇంకొకరు పై మెట్టు మీద కూర్చుని వినండి. మైక్ లేని కాలంలో ఎలా కట్టారో మీకే తెలుస్తుంది. తర్వాత విజయపురి సౌత్‌లో లాంచీ ఎక్కండి. మ్యూజియానికి శుక్రవారం సెలవు, గుర్తుపెట్టుకోండి. గాలి, జనం చూసి లాంచీ నడుపుతారు కాబట్టి ముందే కనుక్కుని పోండి. దీవి మీద మహాచైత్యం చుట్టూ నడిచి దాని ప్లాన్ గమనించండి, బండి చక్రంలా ఆకులు ఉంటాయి. మ్యూజియంలో నిలువెత్తు బుద్ధుడి ముందు పది నిమిషాలు ఫోన్ జేబులో పెట్టండి. రెండో రోజు ఎత్తిపోతల. వానల తర్వాత అయితే జలపాతం నిండుగా ఉంటుంది. ఎండాకాలం మాత్రం వద్దు, పల్నాడు ఎండ మామూలుగా ఉండదు.

మా నెల్లూరు వైపు నుంచి అయితే ఒంగోలు, మాచర్ల మీదుగా పోవచ్చు.

రెండోసారి పోయొచ్చాక తోటపల్లి గూడూరులో మా నాయనకి ఇదంతా చెప్పా. "అంత ఊరిని నీళ్ళల్లో ముంచేశారు నాయనా" అన్నా. ఆయన నన్నే అడిగాడు, "మన కయ్యల్లోకి వచ్చే నీళ్ళు యాడివిరా? సోమశిలవి గదా. దానికోసం కడప జిల్లాలో ఎన్ని ఊళ్ళు మునిగినాయో తెలుసునా?"

నాకు నోట మాట రాలేదు. సాగర్ నీళ్ళతో లక్షల ఎకరాలు పండుతున్నాయి. డ్యాం కట్టకుండా ఉండాల్సింది అని నేను అనలేను. మనం తినే అన్నానికి ఎవరో ఊరు ఇచ్చారు, అది మాత్రం తెలుసుకుని లాంచీ ఎక్కుదాం.

మీ వైపు కూడా డ్యాం కింద మునిగిన ఊరు ఉంటే, దాని పేరు కామెంట్‌లో రాయండి. ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి మరీ రాయండి. ఉంటా మరి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.