గిటార్ పైపలక: వంపు, జిగురు, నిజామాబాద్ గాలి

ఎలక్ట్రిక్ గిటార్ వాయించేవారి కుడి ముంజేయి ఆనేచోట, వాద్యం అంచున ఒక వాలు ఉంటుంది. 1954లో ఫెండర్ సంస్థ తెచ్చిన స్ట్రాటోకాస్టర్‌తో ఈ రూపం ప్రసిద్ధమైంది. అంతకుముందు అదే సంస్థ చేసిన టెలికాస్టర్ ఒళ్లు బల్లపరుపు చెక్క. దాని అంచు చేతికి ఒరుసుకునేది. వాలు చెక్కడం పెద్ద పని కాదు. నార అందంగా మెరిసే మేపుల్ పలకను ఆ ఒంటి మీద అతికించి, వాలు మీదుగా కూడా అతుకు లేకుండా దించాలనుకున్నప్పుడు అసలు చిక్కు మొదలవుతుంది.

దీన్ని తప్పించుకునే దారి ఒకటుంది. 1952లో వచ్చిన గిబ్సన్ లెస్‌పాల్ మీద మందపాటి మేపుల్‌ను అతికించి, దాన్నే ఉబ్బెత్తుగా చెక్కారు. మన పనివాళ్లదీ చెక్కుడు సంప్రదాయమే. బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో ఒకే పనస మొద్దును తొలిచి ఏకాండి వీణను మలుస్తారు. నిజామాబాద్ నుంచి ఉత్తరంగా గోదావరి దాటితే వచ్చే నిర్మల్‌లో పొనికి చెక్కను బొమ్మలుగా చెక్కుతారు. చెక్కిన వంపుకు వెనక్కి లాగే గుణం ఉండదు. కానీ చెక్కేకొద్దీ నార తెగుతుంది, ఖరీదైన చెక్కలో ఎక్కువ భాగం పొట్టుగా పోతుంది. పైగా 3 మిల్లీమీటర్ల పలకలో చెక్కడానికి మిగిలేదేముంది? వంచడమే శరణ్యం.

వంపు లెక్క చాలా సూటిగా ఉంటుంది. వంగిన పలక బయటి ముఖం సాగుతుంది, లోపలి ముఖం నొక్కుకుంటుంది. ఆ సాగుదల ఎంతో తెలియాలంటే మందాన్ని వంపు వ్యాసార్ధానికి రెట్టింపుతో భాగించాలి. 3 మి.మీ. పలకను 300 మి.మీ. వ్యాసార్ధంతో వంచితే బయటి ముఖం 0.5 శాతం సాగాలి. వ్యాసార్ధం 100 మి.మీ. అయితే 1.5 శాతం. పొడి చెక్క నార వెంబడి దాదాపు ఒక శాతం సాగేసరికే తెగుతుంది. కాబట్టి బల్లపరుపు భాగం వాలుగా మారేచోట పదునైన మలుపు ఉండకూడదు. దాన్ని ముందే వెడల్పైన గుండ్రంగా చిత్రిక పట్టాలి. పలుచన చేయడమూ కలిసొస్తుంది. దృఢత్వం మందపు ఘనాన్ని బట్టి మారుతుంది కనుక 6 మి.మీ. పలకను 3కు దించితే అది ఎనిమిదో వంతు బలానికే లొంగుతుంది. ఇంకో సంగతి, ముంజేతి వాలు నారకు ఏటవాలుగా పడుతుంది. నారకు అడ్డంగా చెక్క సులువుగా వంగుతుంది, అంతే సులువుగా చీలుతుంది కూడా.

అయితే ఏ వంపైనా సాధ్యమనుకోకూడదు. మోదుగాకును గొట్టం చుట్టూ చుట్టవచ్చు. బోర్లించిన చెంబు మీద పరిస్తే మాత్రం ముడతలు పడుతుంది. ఒక దిశలోనే వంగే తలం వేరు, రెండు దిశల్లోనూ వంగే తలం వేరు అని 1827లో జర్మన్ గణితజ్ఞుడు గౌస్ నిరూపించాడు. మొదటిదానికి పలకను సాగదీయనక్కర్లేదు, రెండోదానికి తప్పదు. ముంజేతి వాలు మొదటి రకానికి దగ్గరగా ఉన్నంతవరకే పలక దాని మీద కూర్చుంటుంది. దాన్ని గుమ్మటంలా మలిచి, ఆపైన పలక అతకలేదని జిగురును నిందించడం న్యాయం కాదు.

వంచడానికి చెక్కను మెత్తబరచాలంటే నీరు, వేడి కలిసి పనిచేయాలి. చెక్కలో సెల్యులోజ్ పోగులను లిగ్నిన్ అనే పదార్థం పట్టి ఉంచుతుంది. తడి చెక్కలో అది సుమారు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర మెత్తబడి, చల్లారితే మళ్లీ గట్టిపడుతుంది. నిజామాబాద్ దగ్గరి బోధన్ ప్రాంతానికి ఈ పదార్థం కొత్తది కాదు. 1937లో శక్కర్‌నగర్‌లో నెలకొన్న నిజాం షుగర్ ఫ్యాక్టరీ లాంటి మిల్లుల్లో రసం తీశాక మిగిలే చెరకు పిప్పిలోనూ ఉండేవి సెల్యులోజ్, హెమిసెల్యులోజ్, లిగ్నిన్‌లే. పిప్పిని వేడి మీద నొక్కి పలకలు చేయడం సాధ్యమయ్యేదీ కొంతవరకు ఈ గుణం వల్లే. ఆవిరి పట్టిన గట్టి చెక్క నొక్కుడు వైపు 25 నుంచి 30 శాతం దాకా కుదించుకోగలదు. సాగుడు వైపు మాత్రం ఒకటి రెండు శాతం దాటదు. అందుకే మందపు చెక్కలను వంచేవారు బయటి ముఖానికి ఉక్కు పట్టీ బిగిస్తారు. 3 మి.మీ. పలకకు అంత హంగామా అక్కర్లేదు. వాలు పడే భాగాన్ని తడిపి, వేడిచేసి, అచ్చు మీద బిగించి పూర్తిగా ఆరనిస్తే చాలు.

ఆరిన తర్వాతే జిగురు. ఈ వరస తప్పితే పని చెడుతుంది. తడి పలకను అతికిస్తే అది ఆరుతూ కుంచించుకుని అంచుల దగ్గర లేస్తుంది. అచ్చు విప్పగానే వంపు కొంత వెనక్కి పోతుంది కూడా. మిగిలిన ఆ లాగుడును జిగురు ఏళ్ల తరబడి మోయాలి. వడ్రంగులు రోజూ వాడే తెల్ల జిగురు, అంటే ఫెవికాల్ వంటి పీవీఏ, బల్లపరుపు అతుకులకు దివ్యమైనది. కానీ ఎడతెగని లాగుడు కింద నెమ్మదిగా జారుతుంది, వేడికి మెత్తబడుతుంది. మే నెలలో 45 డిగ్రీలు తాకే ఊళ్లో వంపు అతుకులకు ఎపాక్సీ గానీ యూరియా ఫార్మాల్డిహైడ్ గానీ మేలని నా అభిప్రాయం.

వాలు మీద క్లాంపు నిలవదు, జారుతుంది. వాలుకు సరిగ్గా ఎదురు రూపంలో చెక్కదిమ్మ చేసుకుని బిగించాలి. లేదా గిటార్‌ను సంచిలో పెట్టి గాలి లాగేయాలి. గాలి ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు దాదాపు ఒక కిలో. 1,100 చదరపు సెంటీమీటర్ల పలక మీద 80 శాతం శూన్యంతోనే 850 కిలోలకు పైగా బరువు అంతటా సమానంగా పడుతుంది. ఏ క్లాంపుల వరసా ఇంత సమంగా నొక్కలేదు.

ఇక ఋతువుల సంగతి. డప్పు కొట్టేవారు తోలును మంట దగ్గర కాచేది అందులోని తేమ పోయి బిగుసుకోవడానికే. చెక్క కూడా గాలిలోని తేమతో ఇలాగే పెరుగుతుంది, తగ్గుతుంది. గాలి తేమ 30 శాతం ఉండే ఎండాకాలంలో చెక్కలో నీరు బరువులో 6 శాతానికి దిగుతుంది. 80 శాతం ఉండే వానల్లో 15 దాటుతుంది. ఈ తేడాకు, 33 సెంటీమీటర్ల వెడల్పున్న హార్డ్ మేపుల్ పలకను దేనికీ అతికించకుండా వదిలేస్తే, కోత పద్ధతిని బట్టి సుమారు 5 నుంచి 10 మి.మీ. పెరుగుతుంది. టేకు అందులో సగం పెరుగుతుంది. నిజామాబాద్ అడవుల్లో పెరిగే చెట్టు కనుక టేకు పైపలక ఆలోచన ఇక్కడ సహజం. అయితే దాని నూనె జిగురును అంటనీయదు. అతికించే ముందు ముఖాన్ని కొత్తగా చిత్రిక పట్టి, ఎసిటోన్‌తో తుడవాలి.

పలకనూ కింది ఒంటినీ కొన్ని వారాలు ఒకే గదిలో ఉంచి, రెండింటి తేమా సమానమయ్యాక అతికించడం మంచిది. నడివానల్లో అతికిన పలక ఎండాకాలంలో కుంచించుకోబోయి, కదలలేక పగులుతుంది. పొడిగా ఉన్నప్పుడు అతికినది వానల్లో ఉబ్బబోయి నొక్కుడుకు లోనవుతుంది. చెక్క లాగుడు కంటే నొక్కుడునే బాగా ఓర్చుకుంటుంది. కాబట్టి వానలు వెనకబట్టి, చెక్క ఆరిన శీతాకాలం ఈ పనికి అనువైనది. ఆ తర్వాత వార్నిష్‌ను ముందూ వెనకా, కరెంటు తీగల తొర్రల లోపల కూడా పూయాలి. ఒకే వైపు పూస్తే రెండో వైపు నుంచి తేమ వచ్చిపోతూనే ఉంటుంది, ఆ లాగుడంతా మళ్లీ వాలు దగ్గరి అతుకు మీదే పడుతుంది.