కారు గుర్తుపట్టింది ఎవర్ని?

రాత్రిపూట ఇబ్రహీంపట్నంలో మా బాబాయి తన కారు దగ్గరికి నడుస్తుంటే అద్దాల కింద లైట్లు వాటంతటవే వెలుగుతాయి. "చూశావారా, నన్ను గుర్తుపట్టింది" అంటాడు.

గుర్తుపట్టింది బాబాయిని కాదు, జేబులో ఉన్న కీని. ఇలాంటి చాలా కార్లలో యాంటెన్నాలు దాదాపు 125 కిలోహెర్ట్జ్ దగ్గర సిగ్నల్ పంపుతాయి. అది కొన్ని అడుగులే పోతుంది. అది అందగానే కీ నిద్రలేచి, 433 మెగాహెర్ట్జ్ దగ్గర తన కోడ్‌తో జవాబిస్తుంది. కోడ్ సరిపోతే లైట్లు.

తిరకాసు ఇక్కడే. కారు దూరం కొలవట్లేదు, జవాబొచ్చింది కాబట్టి కీ పక్కనే ఉందనుకుంటోంది. 2011లో ఈటీహెచ్ జ్యూరిక్ పరిశోధకులు కీ ఎక్కడో దూరంగా ఉండగానే, సిగ్నల్‌ని రిలే చేసి 10 మోడళ్ల కార్లని తెరిచి స్టార్ట్ చేశారు. కోడ్‌ని బ్రేక్ చెయ్యలేదు, మోసుకెళ్లారంతే!

కొన్ని కొత్త కార్లలో అల్ట్రా వైడ్‌బ్యాండ్ ఉంటోంది. అది సిగ్నల్ వెళ్లి రావడానికి పట్టే టైమ్ కొలుస్తుంది. రేడియో తరంగం నానోసెకనుకి 30 సెంటీమీటర్లే పోతుంది కాబట్టి రిలే చేస్తే ఆలస్యం దొరికిపోతుంది.

బాబాయిది పాత పద్ధతి కారే. పైగా కీ వీధి తలుపు పక్కన మేకుకి వేలాడుతుంటుంది, గోడ అవతలే కారు. మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలో కీ పెట్టించి, డబ్బాతో సహా కారు దాకా నడిపించాను. లైట్లు వెలగలేదు. బాబాయి మొహం కూడా.