కొండల నడుమ కథోలిక ప్రార్థనాలయములు

నల్లమల, ఎర్రమల, పాలకొండల నడుమ కర్నూలు, కడప సీమల పల్లెలలో తిరుగువారికి ఊరి చివర, తరచు దళితవాడలో, సిలువ గల చిన్న కట్టడము కనబడుచుండును. కొన్ని చోట్ల అది నాపరాతి గోడలపై వేసిన చౌడు మిద్దె. మరికొన్ని చోట్ల సిమెంటు కప్పు. పట్టణపు పెద్ద దేవాలయములను చూచినవారు దీనిని లెక్కకు తీసికొనరు. కాని పంచాయతీ సభ్యులు మొదట తెలిసికొనదగినది ఈ చిన్న గుడిని గురించియే అని మా అభిప్రాయము.

ఈ మతము ఆంగ్లేయుల వెంట రాయలసీమకు వచ్చినదని పలువురు తలతురు. అది సరికాదు. 18వ శతాబ్ది ఆరంభముననే ఫ్రెంచి జెసూట్ గురువులు సన్యాసుల వలె జీవించుచు పుంగనూరు, కృష్ణాపురము ప్రాంతములలో బోధించిరి. వారి సంఘమునకు చెందిన కేర్దూ తెలుగు నిఘంటువు కూర్చినవాడు; సంస్కృతమునకు గ్రీకు, లాటిను భాషలతో గల చుట్టరికమును 1767లోనే పారిసు పండితులకు తెలిపినవాడు. నాటి రెడ్డి క్రైస్తవ కుటుంబములు కొన్ని గుంటూరు సీమకు తరలిపోయినవి. 1773లో పోపు జెసూట్ సంఘమును రద్దుచేయగా ఇచ్చటి పని సన్నగిల్లినది.

1870ల దశకమున మిల్‌హిల్ గురువులు తెలుగునాట పనికి దిగిరి. 1876-78 నాటి మహాక్షామము ఈ జిల్లాలను కుదిపివేసినదియు ఆ కాలముననే. తరువాతి దశాబ్దములలో మాల, మాదిగ కుటుంబములు వాడలు వాడలుగా ఈ మతమున చేరినవి. గంజి కొరకు చేరిరని అనుట తేలిక. బడి, పేరుపెట్టి పిలిచెడి మర్యాద, అందరును ఒక్క కప్పు క్రింద కూర్చుండు హక్కు—ఇవియు కారణములే.

1928లో నెల్లూరు, 1967లో కర్నూలు, 1976లో కడప మేత్రాసనములు ఏర్పడినవి. 2008 నుండి 2020 వరకు కర్నూలు మేత్రాణులుగా నుండిన పూల అంతోని గారు 2022లో కార్డినలు అయిరి. తెలుగువారిలోను, దళితులలోను ఆ పదవి పొందిన మొదటివారు వీరే.

కొన్ని పల్లెలు కలిసి ఒక విచారణ అగును. విచారణ గురువు ఒక్కరే, పల్లెలు పెక్కు. కనుక ఆయన ప్రతి ఆదివారము అన్ని గుడులకు రాలేరు. ఆయన రాని నాడు ఉపదేశియే జనమును కూర్చి ప్రార్థన నడిపించును. గుడి విషయమై మాటాడవలసినప్పుడు పంచాయతీవారు ఈ ఇరువురిని పిలిపించుట మేలు.

ఇక తగవులు వచ్చు చోట్లు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ననుసరించి క్రైస్తవమున చేరిన వారికి షెడ్యూల్డు కులముల హోదా లేదు. మన రాష్ట్రమున వారు వెనుకబడిన తరగతులలోని 'సి' విభాగమునకు చెందుదురు. వార్డుల రిజర్వేషను వచ్చినప్పుడు ఇది పెద్ద చిక్కు. ధ్రువపత్రమిచ్చునది రెవిన్యూ శాఖయే గాని పంచాయతీ కాదు. గుడి స్థలము ఎవరి పేర నున్నదో, బాట పోరంబోకా పట్టాయా అన్నది రికార్డులో చూడవలెను. నోటి మాట చాలదు.

సమాధుల స్థలము మాత్రము పంచాయతీ బాధ్యతయే. 1994 నాటి పంచాయతీరాజ్ చట్టము శ్మశానముల ఏర్పాటును, నిర్వహణను దానికే అప్పగించినది. ఏటా నవంబరు 2న కథోలికులు తమ వారి సమాధులకు సున్నము వేసి, దీపములు పెట్టి ప్రార్థింతురు. ఆ దినమునకు వారము ముందుగానే బాటలోని కంప కొట్టించి, హద్దురాళ్లు సరిచూపించి, నీటి తొట్టి యొకటి నింపించవలెను.