కువైట్ ఎంత దూరం? విమానం ఎప్పుడు దిగుతుంది?

గిద్దలూరు, కంభం, మార్కాపురం వైపు నుంచి కువైట్‌కు పనికి వెళ్ళే ఆడవాళ్ళున్నారు. పక్కనున్న కడప జిల్లా నుంచి ఇంకా ఎక్కువ మంది వెళ్తారు. బిడ్డ విమానం ఎక్కింది మొదలు తల్లికి ఒకటే బెంగ. ఎప్పుడు దిగుతుందో, ఎప్పుడు ఫోను చేస్తుందో! ఆ లెక్క టికెట్టు మీదే ఉంటుంది. చదువు వచ్చిన ఆడవాళ్ళు ఎవరినీ అడగక్కర్లేదు. తామే చూసుకోవచ్చు.

ఎంత దూరం?

హైదరాబాదు విమానాశ్రయం శంషాబాదులో ఉంది. అక్కడి నుంచి కువైట్‌కు ఆకాశం దారిలో సుమారు 3,400 కిలోమీటర్లు. గిద్దలూరు నుంచి మార్కాపురానికి తిన్నగా గీత గీస్తే సుమారు 55 కిలోమీటర్లు. పైన పోయే విమానానికి అది నాలుగు నిమిషాల దూరం. అది గంటకు 800 నుంచి 900 కిలోమీటర్లు పోతుంది మరి. కానీ పైకి లేచేటప్పుడు, కిందికి దిగేటప్పుడు నెమ్మదిగా పోతుంది. అందుకే నేరుగా వెళ్ళే విమానానికి కువైట్ చేరడానికి సుమారు అయిదు గంటలు పడుతుంది. దారిలో ఇంకో ఊళ్ళో విమానం మారితే ఇంకా ఎక్కువ.

గడియారంలో తేడా

సూర్యుడు ముందు మనకు కనిపిస్తాడు. తర్వాత కువైట్ వాళ్ళకు కనిపిస్తాడు. అందుకే వాళ్ళ గడియారం మనకన్నా రెండున్నర గంటలు వెనక ఉంటుంది. మనకు ఉదయం 6 గంటలైతే వాళ్ళకు తెల్లవారుజామున మూడున్నర.

టికెట్టు మీద ఏ ఊరి టైము ఆ ఊరికే వేస్తారు. బయల్దేరేది 01:00, చేరేది 03:30 అని ఉందనుకోండి. "రెండున్నర గంటల్లో పోతుందంట, ఇంకా ఫోను రాలేదేమమ్మా?" అని తల్లి కంగారు పడుతుంది. కంగారు అక్కర్లేదు. అక్కడ 03:30 అంటే ఇక్కడ ఉదయం 6 గంటలు. దిగాక పాస్‌పోర్టు చూస్తారు. పెట్టెలు తీసుకోవాలి. దానికీ టైము పడుతుంది.

తిరిగి వచ్చేటప్పుడు అరగంటో, ముప్పావు గంటో తక్కువ పడుతుంది. పైన గాలి పడమర నుంచి తూర్పుకు గట్టిగా వీస్తుంది. అది విమానాన్ని వెనక నుంచి నెడుతుంది.

తేదీ జాగ్రత్త!

టికెట్టులో రోజుకు 24 గంటలు లెక్క. 13:00 అంటే మధ్యాహ్నం ఒంటిగంట. అంకె 12 దాటితే అందులో 12 తీసేయాలి. అర్ధరాత్రి 00:00. అక్కడి నుంచి కొత్త తేదీ మొదలు.

10వ తేదీ 01:00 అని ఉంటే, అది 9వ తేదీ రాత్రి తెల్లవారకముందే. 10వ తేదీ రాత్రికి పోతే విమానం ఉండదు. అప్పు చేసి కొన్న టికెట్టు పోతుంది.

విమానాశ్రయానికి మూడు గంటల ముందే చేరాలి. అంటే 9వ తేదీ రాత్రి 10 గంటలకు అక్కడ ఉండాలి. శ్రీశైలం మీదుగా పోయేవాళ్ళు పగలే అడవి దాటాలి. రాత్రిపూట నల్లమల దారిలో గేట్లు మూసేస్తారు. కాబట్టి మార్కాపురంలో 9వ తేదీ ఉదయమే బయల్దేరడం మేలు.

చేసి చూడండి

1. టికెట్టు మీద 20:15 అని ఉంది. అంటే ఎన్ని గంటలు?
2. కువైట్‌లో రాత్రి 8 గంటలైంది. ఇక్కడ ఎంతవుతుంది?