శ్రవణ దర్శనములు : విజ్ఞానప్రచారమున భాష పాత్ర

విజ్ఞానశాస్త్రమును ప్రజలకు తెలియజెప్పుట యనగా కఠినవిషయమును సులభమైన మాటలలో చెప్పుట యని సాధారణముగా తలంతురు. ఈ నిర్వచనము తప్పు కాదు గాని చాలదు. సులభముగా చెప్పబడినదెల్ల సరిగా తెలిసినట్లు కాదు. శాస్త్రవిషయము ప్రయోగశాలను దాటి సామాన్యుని చేరుటకు చెవి యొక ద్వారము, కన్ను మరియొక ద్వారము. గత శతాబ్దమున చెవికి రేడియోయు, కంటికి విజ్ఞాన ప్రదర్శనశాలయు ప్రధానసాధనములైనవి. ఈ రెంటను భాష నిర్వహింపవలసిన పని యేమి యను ప్రశ్న భౌతికశాస్త్రశాఖకెంత చెందునో తెలుగుశాఖకును అంత చెందును. దానిని కొన్ని ఉదాహరణములతో వివరించుట యీ వ్యాసమున నా యుద్దేశము.

ఈ రెండు మార్గములును వేరుపడకమునుపు ఒకే వేదికపై నుండెను. లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషనున 1825లో పిల్లలకొరకు క్రిస్మసు ఉపన్యాసములు ప్రారంభమైనవి. మైకేల్ ఫారడే 1848లోను, మరల 1860-61లోను ఒక్క కొవ్వొత్తిని విషయముగా గైకొని ఉపన్యాసమాలను నడపెను. మైనము కరగుట, వత్తి దానిని పైకి పీల్చుట, అది ఆవిరియై మండుట, ఆ మంటనుండి నీరును బొగ్గుపులుసు వాయువును వెలువడుట, మన శ్వాసమందును అవియే వెలువడుట - ఇట్లు కొవ్వొత్తినుండి జీవప్రక్రియవరకు ఆయన శ్రోతలను నడిపించెను. ఫారడే చేతిలో వస్తువుండెను. నోట మాట యుండెను. రేడియోలో వక్త మిగిలి వస్తువు మాయమైనది. ప్రదర్శనశాలలో వస్తువు మిగిలి వక్త మాయమైనాడు. రెండుచోట్లను సగము లోపించినది. ఆ సగమును పూరింపవలసినది భాషయే.

మొదట రేడియోను చూతము. ఆకాశవాణి మద్రాసు కేంద్రము 1938లోను, విజయవాడ కేంద్రము 1948లోను ప్రారంభమైనవి. హైదరాబాదులోని దక్కను రేడియో 1950లో ఆకాశవాణిలో చేరినది. తెలుగున శాస్త్రవిషయములను చెవికి చెప్పవలసిన అవసరము ఈ కేంద్రములతో ఏర్పడినది. అంతకుముందు 1906లో స్థాపితమైన విజ్ఞానచంద్రికామండలి మొదలగు సంస్థలు శాస్త్రమును తెలిగించినది చదువరికొరకు. చదువరి అర్థము కాని వాక్యమును మరల చదువగలడు. శ్రోతకు పుట వెనుకకు త్రిప్పు వీలు లేదు. ఒక వాక్యము చెవి దాటిపోయినచో దాని ననుసరించు వాక్యమును పోవును.

మన శాస్త్రభాష సమాసప్రధానము. 'ఉష్ణవాహకత్వగుణకము' అను పదము కంటికి మూడు ముక్కలుగా విడివడును. చెవికి ఒకే దీర్ఘధ్వనిగా వినవచ్చును. దీనికి బదులు, 'పొయ్యిమీది యినుపగరిటె పిడి చేతిని కాల్చును, కొయ్యగరిటె పిడి కాల్చదు. ఏ పదార్థము వేడిని ఎంత త్వరగా సాగనిచ్చునో తెలుపు సంఖ్య యొకటి కలదు' అన్నచో మాటలు పెరిగినవి, కాలము పెరిగినది, కాని శ్రోత మనతో మిగిలినాడు. సంఖ్యల విషయమును ఇంతే. భూమికిని సూర్యునికిని నడుమ దూరము సుమారు 15 కోట్ల కిలోమీటర్లని చెప్పినచో చెవికది 'చాల దూరము' మాత్రమే. సూర్యునినుండి బయలుదేరిన వెలుగు మనలను చేరుటకు 8 నిమిషములకు పైగా పట్టుననియు, మనము చూచు సూర్యుడు 8 నిమిషముల నాటివాడనియు చెప్పినచో వినువాడు ఆ దూరమును తన గడియారముతో కొలుచుకొనును.

చెవికి చిత్రమును చూపవలెనన్న ఆతురతలో ఒక్కొక్కప్పుడు కొత్తపదమే పుట్టును. 1949 మార్చి 28న బి.బి.సి. రేడియోలో ప్రసంగించుచు ఫ్రెడ్ హాయిల్ అను ఖగోళశాస్త్రజ్ఞుడు, విశ్వమునకు ఒక ప్రారంభము కలదను సిద్ధాంతమును 'బిగ్ బ్యాంగ్' అని పేర్కొనెను. ఆయన ఆ సిద్ధాంతమును అంగీకరించినవాడు కాడు. రెండు వాదములకు గల భేదము వినువారి మనస్సునకు తట్టుటకై ఆ మాట వాడితినని తరువాత చెప్పెను. ప్రతిపక్షి రేడియోలో వాడిన ఆ మాటయే లోకమున స్థిరపడినది. తెలుగున అది 'మహావిస్ఫోటనము' అయినది. ఈ పదమును వివరించు సందర్భమున నా విద్యార్థి యొకడు, 'ఆ పేలుడు ఎక్కడ జరిగినది?' అని అడిగెను. ప్రశ్న సహజము. పేలుడన్న పిదప దానికొక చోటుండవలెను. పెంకులు చెదరుటకు చుట్టును ఖాళీ యుండవలెను. కాని శాస్త్రజ్ఞులు చెప్పునది అది కాదు. ముందే యున్న ఖాళీలో ఏదో యొకచోట పదార్థము పేలలేదు. అత్యంతసాంద్రమును అత్యుష్ణమును అయిన స్థితినుండి ఆకాశమే వ్యాపించుచు వచ్చినది. ఊదుచున్న బుడగపై చుక్కలు పెట్టినచో ప్రతి చుక్కయు తక్కినవానినుండి దూరమగును. ఏ చుక్కయు కేంద్రము కాదు. విద్యార్థి తప్పుగా అడుగలేదు. పదమే అతనిచేత అట్లు అడిగించినది. ఉపమానము నిచ్చువాడు దాని హద్దునుగూడ చెప్పవలెనన్న నియమము దీనివలన తేలుచున్నది.

రేడియోకు గల రెండవలోపము అది ఏకముఖముగా ప్రవహించుట. శ్రోత ప్రశ్నింపజాలడు. దీనికి పరిహారముగా కెనడాలో 1941లో వ్యవసాయదారుల రేడియో గోష్ఠులు ఏర్పడినవి. ఆ పద్ధతిని యునెస్కో తోడ్పాటుతో ఆకాశవాణి 1956లో పూనా ప్రాంతమున పరీక్షించెను. బొంబాయి రాష్ట్రములోని 5 జిల్లాలలో సుమారు 150 గ్రామములను గైకొని, వారమునకు రెండు చొప్పున 20 కార్యక్రమములను ప్రసారము చేసిరి. రైతులు కూడి విని, చర్చించి, సందేహములను కేంద్రమునకు వ్రాసి పంపిరి. ఈ ప్రయోగము ఫలించుటచే 1959నుండి గోష్ఠులు దేశమున విస్తరించినవి. వినుటకు చర్చ తోడైనప్పుడు విషయము నిలుచునన్నది దీని సారము. 1960 దశాబ్దమున తంజావూరు ప్రాంతపు రైతులు ఏ.డి.టి. 27 అను వరివంగడమునకు 'రేడియో వడ్లు' అని పేరు పెట్టుకొనిరి. శాస్త్రజ్ఞుల సంఖ్యాసంకేతము పొలమున నిలువలేదు. ఆ మాట తమకెచ్చటనుండి వచ్చెనో దాని పేరే వారు నిలిపిరి. పారిభాషికపదములను సమకూర్చు సంఘములు గమనింపదగిన విషయమిది.

ఇక ప్రదర్శనశాల. ఆస్కార్ ఫాన్ మిల్లర్ 1903లో మ్యూనిక్ నగరమున స్థాపించిన జర్మను ప్రదర్శనశాల, 1925లో ఈజారు నదీద్వీపమునందలి సొంతభవనమున తెరువబడినది. యంత్రమును అద్దపుపెట్టెలో దాచక, చూపరి మీట నొక్కి నడుపునట్లు అమర్చుటయే దాని విశిష్టత. మన దేశమున కలకత్తాలోని బిర్లా ప్రదర్శనశాల 1959లో ప్రారంభమైనది. బెంగుళూరులోని విశ్వేశ్వరయ్య ప్రదర్శనశాల 1960 దశాబ్దమున వెలసినది. ఇట్టివానిని నిర్వహించుటకు 1978లో జాతీయ విజ్ఞాన ప్రదర్శనశాలల పరిషత్తు ఏర్పడినది. హైదరాబాదున బిర్లా నక్షత్రశాల 1985లో ప్రారంభమై, పిదప దానికి విజ్ఞాన ప్రదర్శనశాల తోడైనది.

కంటితో చూచినది తెలిసినట్లే యని భావింతురు. అది నిజమా? 1851లో పారిస్ నగరమున ఫూకో తన లోలకమును ప్రదర్శించెను. ఎత్తునుండి వ్రేలాడు బరువైన గుండు ఊగుచు ఊగుచు తన ఊపుదిశను మెల్లగా మార్చుకొన్నట్లు కనబడును. నిజమునకు తిరుగుచున్నది దాని క్రింది నేల. పారిస్ అక్షాంశమున ఈ దిశ ఒక పూర్తి చుట్టు తిరుగుటకు సుమారు 32 గంటలు పట్టును. అట్టి లోలకమునే హైదరాబాదు అక్షాంశమున వ్రేలాడదీసినచో సుమారు 80 గంటలు పట్టును. అనగా గంటకు నాలుగున్నర డిగ్రీలు మాత్రమే. భూమధ్యరేఖపై నైనచో దిశ మారనే మారదు. అయిదు నిమిషములు నిలిచి చూచిన బాలుడు హైదరాబాదులో చూచునది ఊగుచున్న గుండును మాత్రమే, భూభ్రమణమును కాదు. 'ఇప్పుడు గుండు ఏ గీత మీదుగా పోవుచున్నదో గుర్తుంచుకొనుము. తక్కిన గదులు చూచి గంట తరువాత వచ్చి చూడుము' అని ఫలకముపై వ్రాసినవాడే భూభ్రమణమును చూపినవాడు. ఇచ్చట రెండు వాక్యములు యంత్రమంత విలువ గలవి.

ఆ వాక్యములు ఏ తెలుగున ఉండవలెను? ఒకానొక ప్రదర్శనశాలలో 'అయస్కాంత క్షేత్రము' అను ఫలకము చూచి ఒక బాలుడు దాని యర్థము తండ్రి నడిగెను. పల్లెటూరి రైతు వలె నున్న ఆ తండ్రి కొంత ఆలోచించి, 'అయస్కాంతాలు దొరికే చోటు' అని చెప్పెను. తిరుపతి క్షేత్రము, శ్రీశైల క్షేత్రము ఎరిగినవాడు వేరుగా చెప్పుటెట్లు? ఆయన తెలుగు సరియైనదే. ఆ ఫలకము క్రింద ఇనుపరజను వంపులుగా అమరి స్పష్టముగా కనబడుచునేయున్నది. 'అయస్కాంతపు బలము పనిచేయు మేరకు క్షేత్రమని పేరు; ఈ రజను ఆ బలము ఏ దిక్కున లాగుచున్నదో చూపుచున్నది' అన్న వాక్యము లేకపోవుటచే వస్తువు, పదము, చూపరి ముగ్గురును ఒకచోట నుండియు కలిసికొనలేదు.

మాటవలెనే వస్తువును తప్పుదారి పట్టింపగలదు. 1842లో రిచర్డ్ ఓవెన్ 'డైనోసార్' అను పదమును కల్పించెను. 'భయంకరమైన బల్లి' యని దాని భావము. మన 'రాక్షసబల్లి' దానికి తగిన అనువాదమే గాని, ఆ జంతువులు బల్లులు కావు. 1854లో లండనున క్రిస్టల్ ప్యాలెసు ఉద్యానమున నిలిపిన ఇగ్వానొడాన్ ప్రతిమకు ముక్కుపై కొమ్ము నమర్చిరి. అది బొటనవ్రేలి ముల్లని పిమ్మట దొరికిన అస్థిపంజరములవలన తెలిసినది. ఆ ప్రతిమ నేటికిని కొమ్ముతోనే నిలిచియున్నది.

ఈ విషయమున మనకు సన్నిహితమైన ఉదాహరణము హైదరాబాదు బిర్లా ప్రదర్శనశాలలో కలదు. గోదావరి లోయలో, తెలంగాణలోని యామనపల్లి వద్ద దొరికిన అస్థులను పరిశీలించి పి. యాదగిరి 1988లో 'కోటాసారస్ యామనపల్లియెన్సిస్' అని నామకరణము చేసెను. మన గ్రామము పేరు ప్రపంచశాస్త్రమున నిలుచుట సంతోషకరము. అచ్చట నిలిపిన అస్థిపంజరము సుమారు 9 మీటర్ల పొడవు గలది. అయితే త్రవ్వకములలో దొరికిన 840 అస్థులు కనీసము 12 జంతువులకు చెందినవి. కొన్ని దంతములు దక్క పుర్రె దొరకలేదు. కావున చూపరి చూచుచున్నది ఒక మృగముయొక్క యెముకలగూడు కాదు. పలు మృగముల యెముకలనుండి బుద్ధిబలముచే కూర్చిన రూపము. ఈ మాట చెప్పినచో వింత తగ్గునని కొందరు శంకింతురు. వింత తగ్గదు సరిగదా, 'వీరికి ఇది ఎట్లు తెలిసినది?' యను ప్రశ్న పుట్టును. ఆ ప్రశ్నయే శాస్త్రమునకు మొదలు.

పై యుదాహరణములవలన మూడు విషయములు తేలుచున్నవి. చెవికొరకు వ్రాయునపుడు సమాసమును విప్పి, సంఖ్యను అనుభవముతో కొలువవలెను. ఉపమానమును వాడినచో దాని హద్దును చెప్పవలెను. వస్తువును చూపినపుడు ఏది చూచితిమో, ఏది ఊహించితిమో వేరుపరుపవలెను. ఆంగ్లము వచ్చినవానికి ఒక ఫలకము విఫలమైనను వేరు గ్రంథములు కలవు. తెలుగు మాత్రమే వచ్చినవానికి పెక్కుమార్లు ఆ ఫలకమే గ్రంథము, ఆ ప్రసంగమే గురువు. అందు లోపమున్నచో వానికి ఆశ్చర్యము దక్కును, జ్ఞానము దక్కదు.

మన పరిశోధకులు కావ్యభాషను, శాసనభాషను, మాండలికములను శ్రద్ధతో పరిశీలించుచున్నారు. రేడియో ప్రసంగపాఠములును ప్రదర్శనశాలల ఫలకములును అంతటి శ్రద్ధకు అర్హమైన తెలుగు రచనలే. ప్రసంగపాఠములను సేకరించి వాక్యనిర్మాణమును పరిశీలించుట, ఫలకములను చదివిన పిల్లలు ఏమి గ్రహించిరో వారి మాటలలోనే వ్రాసికొనుట, జనులు తమంత కల్పించుకొన్న 'రేడియో వడ్లు' వంటి పేర్లను జిల్లాలవారీగా సంపాదించుట - ఈ మూడు పనులును ఒక విద్యార్థి ఒక సంవత్సరమున ఆరంభింపదగినవి. అందులో మొదటిది త్వరపడి చేయవలసినది. వ్రాతప్రతులు పాతబడుచున్నవి, వానిని చదివినవారును, విన్నవారును తగ్గుచున్నారు.