తెగిన నరం చిగురు

గాజువాక ఆటోనగర్‌లో రేకులు కోసేవాళ్లకి, ఫిషింగ్ హార్బర్‌లో చేపలు కోసేవాళ్లకి మణికట్టు మీద గాటు పడడం కొత్తేమీ కాదురా బాబూ. రక్తం ఆగితే చాలనుకుని, కట్టు కట్టించుకుని ఇంటికెళ్లిపోతారు. తర్వాత చూసుకుంటే బొటనవేలికి స్పర్శ ఉండదు, చొక్కా గుండీ పెట్టుకోలేరు. గాటు కింద నరం తెగిందన్నమాట. అందుకే కట్టు కట్టకముందే వేళ్లు కదులుతున్నాయా, ముట్టుకుంటే తెలుస్తోందా చూడాలి. తేడా ఉంటే ఆ రోజే పెద్దాసుపత్రికి. నరాల ఆపరేషన్లకి మన విశాఖ కేజీహెచ్‌లో డాక్టర్ బాలపరమేశ్వరరావు గారు 1950లలోనే న్యూరోసర్జరీ విభాగం మొదలుపెట్టారు.

నరంలో వేల తంతువులుంటాయి. వాటి కణదేహాలు చేతిలో ఉండవు, వెన్నుపాములోనో దాని పక్కనో ఉంటాయి. మణికట్టు దగ్గర తెగితే పైభాగం బతికే ఉంటుంది. కణదేహంతో సంబంధం పోయిన కింది ముక్క మాత్రం క్షీణించిపోతుంది. 1850లో ఆగస్టస్ వాలర్ కప్ప నాలుకకి వెళ్లే నరం కోసి ఈ సంగతి కనిపెట్టాడు.

అసలు అద్భుతం ఆ తర్వాతే. తంతువు పోయినా దాన్ని చుట్టుకుని ఉన్న ష్వాన్ కణాలు పోవు. శిథిలాలు ఊడ్చేసి, ఖాళీ అయిన గొట్టంలో వరసగా నిలబడతాయి. బీరపాదు ఎండిపోయినా పందిరి మిగిలినట్టు! పైనుంచి కొత్త చిగురు పాకుతూ వచ్చి ఆ పందిరిని అందుకోవాలి. అందకపోతే అక్కడే చిక్కుపడి, ముట్టుకుంటే జివ్వుమనే గడ్డ కడుతుంది. కాబట్టి సర్జన్ చేసే పనల్లా రెండు కొసల్నీ ఎదురెదురుగా చేర్చడం. మైక్రోస్కోపు కింద, తలవెంట్రుక కన్నా సన్నని నైలాన్ దారంతో, పైపొరకి మాత్రమే కుట్లు. లాగి కుడితే నరానికి రక్తం సరిగా అందదు. మధ్యలో ఖాళీ ఎక్కువుంటే పిక్క వెనక నరం ఒకటి తీసి అతుకుతారు. పాదం బయటి అంచు కాస్త మొద్దుబారుతుంది గానీ నడకకి లోటుండదు.

చిగురు పెరిగేది రోజుకి సుమారు 1 మిల్లీమీటరు. మణికట్టు నుంచి వేలికొస 180 మిల్లీమీటర్లనుకో, ఆరు నెలలు! అది ఎందాకా వచ్చిందో తెలుసుకునే ఉపాయం జూల్ టినెల్ 1915లో చెప్పాడు. నరం వెంబడి వేలితో తడుతూ పోతే, చిగురు కొస ఉన్నచోట చీమలు పాకినట్టుంటుంది.

మరి బైకు మీంచి పడి భుజం దగ్గరే నరాలు తెంపుకున్న కుర్రాళ్ల మాటేమిటి? చిగురు అరచేతికి చేరడానికి రెండేళ్లు పట్టొచ్చు. నరం అందని కండరమేమో ఏడాది, ఏడాదిన్నరకే కొవ్వుగా, నారగా మారిపోతుంది. కుట్టు ఎంత బాగా కుదిరినా ఈ లెక్క మారదు. మోచెయ్యి మడవలేని వాళ్లకి మాత్రం 1994లో ఫ్రెంచి సర్జన్ ఒబెర్లిన్ ఓ దారి చూపించాడు. అరచేతికి వెళ్లే అల్నార్ నరం బాగుంటే, అందులోంచి ఒక చిన్న పాయని విడదీసి, పక్కనే ఉన్న మోచెయ్యి మడిచే కండరం నరానికి అతికాడు. చిగురుకి ప్రయాణం కొద్ది సెంటీమీటర్లే! పాయ పోయినా అరచేతి పని దాదాపు మామూలుగానే సాగుతుంది. మొదట్లో మాత్రం మోచెయ్యి మడవాలంటే పిడికిలి బిగించాలి, మెదడు దృష్టిలో అది ఇంకా అరచేతి నరమే కదా! ఫిజియోథెరపీ చేయించగా చేయించగా, కొన్ని నెలలకి పిడికిలి వదిలేసి మోచెయ్యి ఒక్కటే మడవడం మెదడు నేర్చుకుంటుంది.