స్కిప్ నొక్కినవాడు మీకు మేలు చేసినట్టే

యూట్యూబ్‌లో పాట పెట్టుకుంటే ముందు ప్రకటన వస్తుంది. మన బొటనవేలు అప్పటికే తెర మూలకి చేరి ‘స్కిప్’ కోసం కాచుకుని ఉంటుంది. చిన్న వ్యాపారులు చాలామంది వీడియో ప్రకటనకి వెనకాడేది ఇది చూసే. “అందరూ దాటేసేదానికి డబ్బెందుకు పొయ్యడం?” అంటారు. ఆ మాటలోనే తిరకాసుంది. దాటేసినవాళ్లకి మీరు డబ్బు కట్టక్కర్లేదు.

యూట్యూబ్ 2010 చివర్లో తెచ్చిన పద్ధతి ఇది. ఐదు సెకన్లు దాటాక ప్రకటనని పక్కకి నెట్టెయ్యొచ్చు. చూపుకి ఇంత అనే లెక్కలో, ఎదుటివాడు 30 సెకన్లు చూస్తేనో, ప్రకటన అంతకన్నా చిన్నదైతే చివరిదాకా చూస్తేనో, దానిమీద నొక్కితేనో మీకు ఖర్చు పడుతుంది. వెయ్యిమందికి కనబడి ఎనిమిది వందల మంది ముందే వెళ్లిపోయారనుకోండి, లెక్క మిగతా రెండు వందలకే. పేపర్లో పెట్టి పంచే కరపత్రానికి ఈ సుఖం లేదు. చెత్తబుట్టలో పడ్డ కాగితానికీ అచ్చు ఖర్చు మనదే. (ఆరు సెకన్ల బంపర్ ప్రకటన సంగతి వేరు. దాన్ని దాటెయ్యడం కుదరదు, వెయ్యిసార్లు కనబడితే ఇంత అని తీసుకుంటారు. పేరు నాలుగు చోట్ల నలగడానికి పనికొస్తుంది గానీ సరుకు గురించి చెప్పడానికి చాలదు.)

కాబట్టి మొదటి ఐదు సెకన్లు మీకు ఊరికే వచ్చినవి. వాటినే మనవాళ్లు దుబారా చేస్తారు. మంగళగిరిలో ఒక చేనేత చీరల కొట్టు ఉందనుకుందాం. మామూలుగా తీసే వీడియో ఎలా ఉంటుంది? దేవుడి పటం, డ్రోన్ మీంచి ఊరు, గిర్రున తిరిగే లోగో. ఇంకా చీర కనబడలేదు, చూసేవాడు వెళ్లిపోయాడు. దాని బదులు, తెర తెరుచుకోగానే రెండు చేతులు ఒక నూలు చీర అంచుని వెలుగుకి పట్టి చూపిస్తూ, “మంగళగిరి నేత చీర, గాలిగోపురం పక్క సందులో మా కొట్టు” అంటే చాలు. చీర అక్కర్లేనివాడు స్కిప్ కొట్టి పోతాడు, పోనివ్వండి. మీ డబ్బు మిగిల్చి మరీ పోయాడు. కావలసినావిడ ఆగుతుంది.

నిడివి దగ్గర ఇంకో కిటుకుంది. ఇరవై సెకన్ల ప్రకటనని చివరిదాకా చూస్తే ఇరవయ్యో సెకనుకే లెక్క పడుతుంది. అదే నలభై ఐదు సెకన్లు తీసి, ధర, చిరునామా, ఫోన్ నంబరు మొదటి ఇరవై ఐదులోనే చెప్పేస్తే, అక్కడ ఆపేసినవాళ్లకి కబురు ఉచితంగా చేరినట్టే.

ఇక ఎవరికి చూపించాలనేది. కొట్టుకొచ్చి కొనేవాళ్లే కావాలంటే మంగళగిరి చుట్టూ ఇన్ని కిలోమీటర్లని హద్దు గీసుకోవచ్చు. డాలస్‌లో ఉన్న తెలుగువాళ్లకి పార్సిల్ పంపేట్టయితే, భాష తెలుగు అని ఎంచుకుని ఊరుకుంటే ఫోను ఇంగ్లీషులో పెట్టుకున్నవాళ్లు జారిపోవచ్చు. వాళ్లు చూసే తెలుగు వంటల ఛానెళ్లని ఏరి పెట్టుకోవడం నయం. పసిపిల్లల పాటల ఛానెళ్లని మాత్రం తీసెయ్యండి. అమ్మ ఫోను చేతపట్టుకుని అన్నం తినే మూడేళ్లవాడు స్కిప్ నొక్కడు, ప్రకటన మీద మాత్రం పెరుగు వేలు పెడతాడు. ఆ వేలికీ మీరే బిల్లు కట్టాలి. టీవీలో చూసేవాళ్లు తెర మీద తాకి ఫోన్ చెయ్యలేరు గనక, ఫోన్లు రావడమే మీకు ముఖ్యమైతే టీవీలనీ మినహాయించవచ్చు.

చూపుకి ఎంత పడుతుందన్నది బోర్డు మీద రాసి ఉండే రేటు కాదు. ప్రతిసారీ రెప్పపాటులో జరిగే వేలం. పండగల ముందు పెద్ద కొట్లు దిగితే పాట పెరగడం మామూలే. రోజుకి 300 రూపాయలని పెడితే ఒక్కోరోజు 600 దాకా పోవచ్చు, నెల మొత్తంలో సర్దుకుంటుంది. పైన జీఎస్టీ 18 శాతం. పదివేల ప్రకటనకి 11,800 అన్నమాట.

నెలాఖరుకి తెర మీద ఇన్ని వేల చూపులని కనబడుతుంది. నాకు ఆ అంకె మీద అంత గౌరవం లేదు. వీడియోలో మాత్రమే కనబడే వాట్సాప్ నంబరు ఒకటి తీసుకోండి. గల్లాపెట్టె దగ్గర కూర్చున్నవాళ్లకి, వచ్చిన ప్రతివాళ్లనీ “మా గురించి ఎక్కడ చూశారండీ?” అని అడగమని, బిల్లు పుస్తకం వెనక పేజీలో గీత పెట్టమని చెప్పండి. ఏ రోజో ఒకావిడ గుమ్మంలోంచే, “ఆ వీడియోలో చూపించిన ఆకుపచ్చ అంచుది ఉందా, అమ్మేశారా?” అని అడుగుతుంది.